నూటికి ఎంత వేసుకోవాలి: చిన్న దుకాణానికి ఏ ధర లెక్క సరిపోతుంది?

హన్మకొండలో మేం స్టీలు సామాన్ల దుకాణం తెరిచిన మొదటి దసరాకు బయట ఒక బ్యానర్ కట్టాం: ఏది కొన్నా 20 శాతం తగ్గింపు. అప్పట్లో కొన్న ధర మీద 20 శాతం వేసుకుని అమ్ముతున్నాం. వేసుకున్నది 20, తగ్గించేది 20, పండుగ పూట లాభం రాకపోయినా పెట్టుబడి వెనక్కి వస్తుంది, కొత్త గిరాకీ అలవాటవుతుంది అనుకున్నాం. నాలుగు రోజులు దుకాణంలో నిలబడే చోటు లేదు. పండుగ అయ్యాక కూర్చుని లెక్క చూస్తే పెట్టినంత డబ్బు కూడా గల్లాలో లేదు. రూ.500 పడ్డ బిందె మీద 20 శాతం వేస్తే రూ.600. ఆ 600లో 20 శాతం తగ్గిస్తే రూ.120 పోయి రూ.480 చేతికి వచ్చింది. అంటే ప్రతి బిందెతో పాటు రూ.20 మేమే ఇచ్చి పంపాం. ఎంత ఎక్కువ అమ్మితే అంత ఎక్కువ పోయింది.

మా ఇంట్లో ఇప్పుడు మూడు దుకాణాలు ఉన్నాయి. మాది స్టీలు, వదినది చీరలు, తమ్ముడిది కాజీపేటలో కిరాణం. మూడింటిలో మూడు రకాలుగా ధర కడతాం. ఎవరి పద్ధతి మంచిదని చాలా రోజులు వాదించుకున్నాం. చివరికి తేలింది ఏమిటంటే, శాతం ఎంత అన్నది రెండో ప్రశ్న. ఆ శాతం దేని మీద లెక్కిస్తున్నాం, సరుకు ఎన్ని రోజుల్లో కదులుతుంది, ధర ఎవరు నిర్ణయిస్తున్నారు అన్నవి మొదటి ప్రశ్నలు. కొత్తగా మడిగె తీసుకుని వ్యాపారం మొదలుపెట్టేవాళ్ళు ఆ దసరా నష్టం పడకుండా ఉండాలని ఇది రాస్తున్నాను. ఇందులో దుకాణాల అంకెలన్నీ లెక్క తేలికగా అర్థం కావడానికి వేసుకున్నవి. మీ అంకెలు పెట్టి చూసుకోండి.

ముందు పడ్డ ధర

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు తేలాల్సింది వస్తువు మనకు ఎంతకు పడిందన్నది. బిల్లులో ఉండే ధర వేరు, పడ్డ ధర వేరు.

వదిన హైదరాబాద్‌లో మదీన బట్టల బజారుకు వెళ్ళి రూ.400 చీరలు 60 తెచ్చిందనుకుందాం. బిల్లు రూ.24,000. దాని మీద జీఎస్టీ 5 శాతం, రూ.1,200. పార్శిల్ ట్రాన్స్‌పోర్టు రూ.600. రానుపోను రైలు, ఆటోలు, తిండి కలిపి రూ.900. ఇక్కడ దించి దుకాణానికి చేర్చిన హమాలీ, కవర్లు, ట్యాగులు రూ.300. మొత్తం రూ.27,000. అరవైతో భాగిస్తే ఒక్కో చీర రూ.450. వదిన జీఎస్టీలో చిన్న వ్యాపారులకు ఉండే కాంపోజిషన్ పద్ధతిలో ఉంది కాబట్టి కట్టిన జీఎస్టీ తిరిగి రాదు, అది కూడా ఖర్చే. బిల్లులో రూ.400 చూసి దాని మీద 25 శాతం వేసి రూ.500కు అమ్మితే, 100 మిగిలిందని అనుకుంటాం. మిగిలింది 50.

ఇంకా ఉంది. చీరలు సెట్టుగా ఇస్తారు. సెట్టులో ఆరేడు రంగులుంటే రెండు రంగులు ఎవరూ అడగరు. అరవైలో మూడు పూర్తిగా ఉండిపోతాయని లెక్క వేస్తే, రూ.27,000ను 57తో భాగించాలి. అప్పుడు చీర రూ.474 పడినట్టు. ప్రతి లాటుకూ ఇంత చూడలేం అంటారు చాలామంది. కనీసం సంవత్సరానికి ఒకసారి ఎన్ని పీసులు మిగిలాయో చూస్తే, నూటికి ఎన్ని పోతాయో ఒక అంచనా వస్తుంది. దాన్ని పడ్డ ధరలో కలిపేయండి.

స్టీలులో చిక్కు ఇంకో రకం. బేగంబజార్‌లో చాలా సామాను కిలో లెక్కన కొంటాం, ఇక్కడ పీసు లెక్కన అమ్ముతాం. ఒకే సైజు బిందెలు పది తెస్తే పదీ ఒకే బరువుండవు. మొదట్లో మొత్తం బరువు ధరను పదితో భాగించి అన్నింటికీ ఒకే రేటు రాశాం. కొనేవాళ్ళు తెలివైనవాళ్ళు. రెండు బిందెలు రెండు చేతులతో ఎత్తి చూసి, బరువున్నదే తీసుకుంటారు. బరువైనవి సగటు ధరకే వెళ్ళిపోయాయి, తేలికవి ఆ ధరకు ఎవరికీ వద్దయ్యాయి. ఇప్పుడు ప్రతి పీసునూ తూకం వేసి, వెనక బరువు రాసి, దాన్ని బట్టి ధర కడుతున్నాం. పెండ్లి సామాను కొన్నవాళ్ళకు గిన్నెల మీద పేర్లు మేమే కొట్టించి ఇస్తాం. పేరుకు ఇంత అని పనివాడికి ఇచ్చేది కూడా పడ్డ ధరలోకే రావాలి. చాలా రోజులు దాన్ని చాయ్ ఖర్చులాగా పక్కన రాసుకున్నాం. అది పొరపాటు.

కిరాణంలో తరుగు ఉంటుంది. 50 కిలోల కందిపప్పు బస్తా కిలో రూ.100 చొప్పున రూ.5,000 పడిందనుకోండి. తూకాల్లో మొగ్గు, కింద పడేది, నూక కలిపి ఒక కిలో పోయింది. అమ్మేది 49 కిలోలే. పడ్డ ధర కిలో రూ.102 అయింది. నూటికి 8 వేసుకున్నానని రూ.108కి అమ్మితే వచ్చేది రూ.5,292. మిగిలింది రూ.292, అంటే నూటికి ఆరు కూడా కాదు. ఎనిమిది అనుకున్నది ఆరు అవడమంటే లాభంలో నాలుగో వంతు పోయినట్టు.

సరుకు కదలకుండా ఉంటే మిత్తి కూడా పడ్డ ధరే. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన డబ్బుతో కొన్న రూ.450 చీర పది నెలలు అల్మారాలో ఉంటే, రూ.90 మిత్తి దాని మీదకు ఎక్కింది. ఇప్పుడు అది రూ.540 చీర. సొంత డబ్బు అయినా ఇంతే. ఆ డబ్బు ఇంకో సరుకులో తిరిగి ఉండేది.

కొన్న ధర మీదనా, అమ్మే ధరలోనా

రూ.450 పడ్డ చీరను రూ.600కు అమ్మితే లాభం 150. ఆ 150 కొన్న ధర 450లో 33.3 శాతం. అమ్మిన ధర 600లో 25 శాతం. మొదటిది మార్కప్, రెండోది మార్జిన్. మార్కెట్లో రెండింటినీ మార్జిన్ అనే అంటారు, గొడవ అక్కడే మొదలవుతుంది. ఎవరైనా నూటికి ఇరవై మిగులుతుంది అంటే, కొన్న నూటికా, అమ్మిన నూటికా అని అడగండి. మొహమాటం వద్దు.

కొన్న ధర మీద 25 శాతం వేస్తే అమ్మే ధరలో అది 20 శాతమే. 50 శాతం వేస్తే 33.3. రెట్టింపు చేస్తే, అంటే నూటికి నూరు వేస్తే, 50. అటు నుంచి చూస్తే, అమ్మే ధరలో 30 శాతం మిగలాలంటే కొన్న ధర మీద దాదాపు 43 శాతం వేయాలి. 40 మిగలాలంటే దాదాపు 67. దూరం పెరుగుతూ పోతుంది.

అమ్మే ధరలో ఇంత శాతం కావాలనుకుంటే కూడికతో రాదు, భాగహారం చేయాలి. 25 శాతం కావాలంటే పడ్డ ధరను 0.75తో భాగించాలి: 450ని 0.75తో భాగిస్తే 600. 30 శాతం కావాలంటే 0.70తో. ఇంతకన్నా పెద్ద సూత్రం ఏదీ అక్కర్లేదు.

క్యాలిక్యులేటర్ విషయం ఒకటి చెప్పాలి. దుకాణాల్లో వాడే పెద్ద క్యాలిక్యులేటర్లలో ఎంయూ అని ఒక మీట ఉంటుంది. కొన్నింటిలో అది అమ్మే ధరలో శాతాన్ని లెక్కిస్తుంది. దుకాణంలో పిల్లవాడు అది నొక్కి ఒక ధర చెప్తాడు, మీరు నోటిలెక్కతో ఇంకో ధర చెప్తారు. 100 కొట్టి, ఎంయూ నొక్కి, 20 వేసి చూడండి. 120 వస్తే కొన్న ధర మీద, 125 వస్తే అమ్మే ధరలో. మీ దగ్గరున్నది ఏది చూపిస్తుందో ఒకసారి చూసుకుని, అందరూ ఒకే రకంగా వాడండి.

ఇక ఏది ఎంచుకోవాలి? నా మాట స్పష్టంగా చెప్తాను. నెల ఖర్చులు చూసి ఎంత లాభం కావాలో నిర్ణయించుకునేటప్పుడు అమ్మే ధరలో శాతమే చూడండి. ట్యాగు రాసేటప్పుడు దాన్ని కొన్న ధర మీద శాతంగా మార్చుకుని వాడండి. ఎందుకో ఒక లెక్కతో చూద్దాం.

చీరల దుకాణానికి నెల కిరాయి రూ.14,000, పిల్ల జీతం రూ.10,000, కరెంటు రూ.2,500, చిల్లర ఖర్చులు రూ.3,500. మొత్తం రూ.30,000. నెలకు అమ్మకం రూ.1,50,000. అంటే అమ్మకంలో 20 శాతం ఖర్చులకే పోతోంది. ఇప్పుడు కొన్న ధర మీద 25 శాతం వేసుకునేవాళ్ళు తమకు ఐదు శాతం మిగులుతోందని అనుకుంటారు. 25లో 20 తీసేస్తే ఐదు కదా. కానీ ఆ 25 అమ్మకంలో 20 శాతమే. ఖర్చు కూడా 20 శాతమే. నెలంతా నిలబడి అమ్మినవాళ్ళకు చేతిలో ఏమీ లేదు. ఇంటికి రూ.15,000 అయినా తీసుకెళ్ళాలంటే రూ.45,000 మిగలాలి, అంటే అమ్మకంలో 30 శాతం. అప్పుడు కొన్న ధర మీద 43 వేయాలి. రూ.450 చీర రూ.643, ట్యాగు మీద రూ.645 లేదా రూ.650.

ఖర్చులన్నీ అమ్మకం డబ్బుల్లోంచే కడతాం కాబట్టి, అమ్మకంతోనే పోల్చి చూడాలి. మేం ఈ ఒక్క విషయం రెండేళ్ళు ఆలస్యంగా అర్థం చేసుకున్నాం.

కొన్న ధర మీద శాతం పనికిరాదని కాదు. కౌంటర్ దగ్గర అదే వేగం. ఇంట్లో అందరికీ వస్తుంది, నోటితో చెప్పొచ్చు. వదిన ట్యాగు మీద పడ్డ ధరను అక్షరాల కోడ్‌తో రాస్తుంది. అక్షరం తిరిగి రాని పది అక్షరాలు ఒకటి నుంచి సున్నా వరకు అంకెలకు గుర్తు. కొనేవాళ్ళకు తెలియదు, బేరం వచ్చినప్పుడు దుకాణంలో ఎవరున్నా ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఇలాంటి కోడ్ చాలా చీరల దుకాణాల్లో పాత అలవాటే. ఒక్క మార్పు చేసుకోండి. బిల్లు ధర కాదు, పడ్డ ధర రాయండి.

ఎంఆర్‌పీ సరుకులో ఎంపిక వేరు

తమ్ముడి కిరాణంలో సబ్బులు, బిస్కెట్లు, నూనె ప్యాకెట్ల మీద ధర ముందే అచ్చయి వస్తుంది. అక్కడ మనం కట్టే ధర లేదు. లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతలు) ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు, 2011 ప్రకారం ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులూ కలిసిన ధర. దానికన్నా ఎక్కువ తీసుకోవడానికి లేదు. ఫ్రిజ్‌లో పెట్టినందుకు కూల్‌డ్రింక్ మీద రెండు రూపాయలు ఎక్కువ తీసుకోవడం కూడా తప్పే.

కాబట్టి లెక్క వెనక నుంచి రావాలి. ఎంఆర్‌పీ రూ.100 వస్తువు మనకు రూ.88కి వస్తే మిగిలేది 12. ఇక్కడ ఎంచుకోవాల్సింది శాతాన్ని కాదు, ఏ సరుకుకు ఎంత అల్మారా చోటు, ఎంత డబ్బు ఇవ్వాలన్నది. సేల్స్‌మన్ పది శాతం మార్జిన్ అంటే ఏ పది అని తేల్చుకోండి. ఎంఆర్‌పీ రూ.110 ఉన్న వస్తువు, కొన్న ధర మీద పది అయితే రూ.100కు వస్తుంది. ఎంఆర్‌పీలో పది అయితే రూ.99కే రావాలి. ఒక్క రూపాయి తేడా చిన్నగా కనిపిస్తుంది. నెలకు వెయ్యి పీసులు పోయే సరుకులో అది రూ.1,000.

పది కొంటే ఒకటి ఫ్రీ లాంటి స్కీములు వస్తే, పదింటికి కట్టిన డబ్బును పదకొండుతో భాగించి పడ్డ ధర చూడండి. అది నెలలో అమ్ముడుపోయే సరుకైతేనే తీసుకోండి. ఫ్రీ పీసు కోసం ఆరు నెలల సరుకు దించుకుంటే ఎక్స్‌పైరీ తేదీ మనల్ని తరుముతుంది.

తమ్ముడు లాభం ఎక్కువగా చూసేది విడి సరుకులో. పప్పులు, బియ్యం, చింతపండు, బెల్లం, ఎండుమిర్చి. వీటిని తనే తూచి అమ్ముతాడు, ధర తనే కడతాడు. తరుగు కూడా వీటిలోనే. బియ్యం బస్తాలకు శాతం కాకుండా బస్తాకు ఇన్ని రూపాయలు అని వేసుకుంటాడు. నాకు ఇది సరైన పద్ధతే అనిపిస్తుంది. రూ.1,200 బస్తా దించినా, రూ.1,600 బస్తా దించినా హమాలీ ఒకటే, చోటు ఒకటే, ఇంటికి చేర్చే శ్రమ ఒకటే. బరువుతో శ్రమ పెరిగే సరుకుకు రూపాయల్లో వేసుకోవడం, ధరతో రిస్కు పెరిగే సరుకుకు శాతంలో వేసుకోవడం మేలు.

ఎక్కువ శాతం ఉంటే ఎక్కువ సంపాదనా?

కాదు. మా ఇంట్లో ఎక్కువ వాదన జరిగింది ఇక్కడే. తమ్ముడికి నూటికి పదే వస్తోందని మేం జాలిపడేవాళ్ళం.

లక్ష రూపాయల సరుకు మూడు దుకాణాల్లో పెడదాం. కిరాణంలో కొన్న ధర మీద పది శాతం, సరుకు పదిహేను రోజులకు తిరుగుతుంది. సంవత్సరానికి 24 సార్లు తిరిగితే, సారికి రూ.10,000 చొప్పున రూ.2,40,000. చీరల్లో 50 శాతం, సరుకు సంవత్సరానికి మూడుసార్లు తిరిగితే రూ.1,50,000. స్టీలు, ఇత్తడిలో కొన్ని పెద్ద సామాన్లు రెట్టింపు ధరకు అమ్ముతాం, కానీ సంవత్సరానికి ఒక్కసారే తిరుగుతాయి. లక్షకు లక్ష. నూటికి నూరు వేసుకున్న మాకన్నా నూటికి పది వేసుకున్న తమ్ముడి డబ్బే ఎక్కువ పని చేసింది. కిరాణంలో శ్రమ ఎక్కువ, ఉద్దెర ఎక్కువ, ఆ మాట నిజమే. ఉద్దెర పెరిగిందంటే సరుకు తిరిగినట్టు కనిపించినా డబ్బు తిరగనట్టే. 24 సార్లు అన్నది నగదు గిరాకీకే వర్తిస్తుంది.

అందుకే రెట్టింపు పద్ధతిని అందరికీ సలహా ఇవ్వను. ఫ్యాన్సీ, గాజులు, క్లిప్పులు, బొట్టుబిళ్ళల దుకాణాలకు అది సరిపోతుంది. పది రూపాయల వస్తువు, వందల రకాలు, పగిలేవి, ఫ్యాషన్ మారి మిగిలేవి చాలా ఉంటాయి. వస్తువు వస్తువుకూ కూర్చుని లెక్క వేయడం కుదరదు. పడ్డ ధరను రెట్టింపు చేసి, ఐదుకో పదికో సర్దుకుంటే సరిపోతుంది. అదే పద్ధతి రూ.3,000 డిన్నర్ సెట్టు మీద పెడితే, కొనేవాళ్ళు ఫోన్‌లో ధర చూసి వెళ్ళిపోతారు.

కొత్తవాడ జంపఖానాలు అమ్మాలనుకునేవాళ్ళకు ఒక మాట. వరంగల్ డర్రీస్ పేరుతో వీటికి 2018లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు వచ్చింది. చేతిమగ్గం సరుకు పక్కన మిషన్ మీద నేసినది పెట్టి, రెండింటికీ ఒకే శాతం వేస్తే చేతిమగ్గంది మరీ ఖరీదుగా కనిపించి కదలదు. దాని మీద కొంచెం తక్కువ శాతం వేసుకోండి. రూపాయల్లో చూస్తే లాభం అంతే వస్తుంది లేదా ఎక్కువే వస్తుంది. మిషన్‌ది రూ.400 మీద 50 శాతం అంటే రూ.200. చేతిమగ్గంది రూ.1,000 మీద 30 శాతం అంటే రూ.300. శాతం కాపాడుకోవడానికి నేతపనివాళ్ళ దగ్గర ధర తగ్గించమని కూర్చునేకన్నా ఇది ఎంతో న్యాయమైన దారి.

బేరమా, ఒకే ధరా

వరంగల్ చౌరస్తా, జేపీఎన్ రోడ్డు చుట్టుపక్కల బట్టల దుకాణాల్లో బేరం ఇప్పటికీ ఉంది. మాల్స్ వచ్చాక ఒకే ధర అలవాటైన పిల్లలు బేరం అడగరు, వాళ్ళ అమ్మలు అడగకుండా ఉండరు. రెండింటిలో ఏదైనా నడుస్తుంది, రెండూ కలిపితే మాత్రం నమ్మకం పోతుంది. ఒకరికి రూ.650కి ఇచ్చిన చీర పక్కింటివాళ్ళకు రూ.580కి ఇస్తే, ఆ రెండిళ్ళలో ఒకటి మళ్ళీ రాదు.

బేరం పెట్టుకుంటే దానికి చోటు ముందే ట్యాగులో ఉండాలి. మనకు చివరికి రూ.600 రావాలి, మామూలుగా 15 శాతం దాకా తగ్గిస్తాం అనుకుందాం. 600 మీద 15 శాతం కలిపి రూ.690 రాస్తే తప్పు. అందులో 15 శాతం తగ్గిస్తే చేతికి రూ.586 చిల్లరే వస్తుంది. 600ను 0.85తో భాగించాలి. ట్యాగు రూ.706, సర్దితే రూ.710. మా దసరా బ్యానర్‌లో జరిగింది ఇదే తప్పు, పెద్ద అంకెల్లో.

తగ్గింపుకు హద్దు ఎక్కడో గుర్తుపెట్టుకోవడం సులువు. అమ్మే ధరలో మీ లాభం ఎంత శాతమో, తగ్గింపు అక్కడికి చేరితే అసలుకు అసలు. 25 శాతం వేసుకున్నవాళ్ళకు 20 శాతం తగ్గింపు దగ్గర, 50 వేసుకున్నవాళ్ళకు 33 దగ్గర, రెట్టింపు వేసుకున్నవాళ్ళకు 50 దగ్గర. ఖర్చులు అప్పటికి లెక్కలోకి రాలేదు, అది మరవకండి.

చిన్న తగ్గింపు కూడా లాభాన్ని గట్టిగా కోస్తుంది. రూ.75 పడ్డది రూ.100కు అమ్మితే 25 మిగులుతుంది. పది శాతం తగ్గించి రూ.90కి అమ్మితే 15. అదే లాభం రావాలంటే ఆరు పీసులు అమ్మే చోట పది అమ్మాలి. తగ్గింపు బోర్డు పెట్టే ముందు, ఆ నాలుగు పీసులు నిజంగా ఎక్కువ పోతాయా అని అడగండి. బతుకమ్మ ముందు వారంలో చీరలకు పోతాయి, మూఢంలో పెండ్లి సామానుకు పోవు.

పండుగ సరుకు

బతుకమ్మ, దసరాకు తెచ్చే సరుకు, రెండేళ్ళకోసారి మేడారం జాతర దారిలో పెట్టే దుకాణాల సరుకు మామూలు సరుకు లాంటివి కావు. తేదీ దాటితే ధర సగం. వీటికి ఒకే శాతం పెట్టి అది మొత్తం సరుకుకు వస్తుందనుకోవద్దు.

రూ.300 పడ్డ చీరలు వంద తెచ్చారు. 50 శాతం వేసి రూ.450 పెట్టారు. సద్దుల బతుకమ్మ లోపు 70 పోయాయి, రూ.31,500. దసరా వరకు 20 చీరలు రూ.350కి పోయాయి, రూ.7,000. మిగిలిన పది దీపావళికి రూ.250 చొప్పున వదిలించుకున్నారు, రూ.2,500. మొత్తం రూ.41,000. పెట్టింది రూ.30,000. లాభం రూ.11,000, అంటే కొన్న ధర మీద 50 కాదు, 37 కూడా నిండలేదు. పండుగ సరుకుకు మామూలు దానికన్నా ఎక్కువ వేసుకోవడం ఆశ కాదు, చివరి పదింటి నష్టం మొదటి డెబ్బై భరించాలి కనుక. దానికన్నా మంచి దారి కూడా ఉంది. వంద తెచ్చేచోట ఎనభై తేవడం. సరుకు అయిపోయిందని ఇద్దరు వెనక్కి వెళ్తే కలిగే బాధ, మిగిలిన ఇరవై చీరల బాధకన్నా చాలా చిన్నది.

మేడారంలో బెల్లాన్ని బంగారం అనే పిలుస్తారు, కానీ జాతర అయ్యాక మిగిలిన బెల్లం మామూలు బెల్లం ధరకే పోతుంది. అక్కడ దుకాణం పెట్టేవాళ్ళు తిరుగు రవాణా ఖర్చును కూడా ముందే పడ్డ ధరలో కలుపుకోవాలి.

జీఎస్టీ లెక్కలో ఎక్కడ కూర్చుంటుంది

దీన్ని క్లుప్తంగా చెప్తాను, మిగతాది మీ ఆడిటర్‌ను అడగండి. మామూలు రిజిస్ట్రేషన్‌లో ఉంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. కాబట్టి పడ్డ ధరలో దాన్ని కలపొద్దు, ముందు శాతం వేసి, ఆ తర్వాత జీఎస్టీ వేయాలి. వదిన చీరే చూస్తే, జీఎస్టీ లేకుండా రూ.430 పడింది. 30 శాతం వేస్తే రూ.559. మీద 5 శాతం జీఎస్టీ, రూ.587. కాంపోజిషన్‌లో ఉంటే పడ్డ ధర రూ.450. కొనేవాళ్ళ దగ్గర జీఎస్టీ విడిగా తీసుకోవడానికి లేదు, వ్యాపారులు అమ్మకం మీద 1 శాతం సొంతంగా కట్టాలి. అదే రూ.587కు అమ్మితే రూ.6 దాకా పన్ను పోయి రూ.131 మిగులుతుంది. మామూలు పద్ధతిలో రూ.129. ఈ చీరకు రెండూ దాదాపు ఒకటే. కాంపోజిషన్‌లో లాభం డబ్బుల కన్నా లెక్కల టెన్షన్ తగ్గడమే అనిపిస్తుంది. కానీ పన్ను ఎక్కువున్న సరుకు తెచ్చేవాళ్ళు తమ అంకెలతో ఒకసారి వేసి చూడాలి. అక్కడ తేడా పెద్దగా ఉండొచ్చు.

రెడీమేడ్ బట్టలు అమ్మేవాళ్ళు ఒక గీత గుర్తుపెట్టుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి పీసు ధర రూ.2,500 వరకు 5 శాతం, దాటితే 18 శాతం. పన్ను లేకుండా రూ.2,500 పెట్టిన డ్రెస్ కొనేవాళ్ళకు రూ.2,625కు వస్తుంది. రూ.2,600 పెడితే రూ.3,068 అవుతుంది. మనకు వంద ఎక్కువ రావడానికి వాళ్ళు రూ.443 ఎక్కువ ఇవ్వాలి. ఆ గీత దగ్గర శాతం లెక్కను పక్కనపెట్టి రూ.2,500 దగ్గరే ఆగండి.

ఎవరికి ఏది

కిరాణం, జనరల్ స్టోర్ పెట్టేవాళ్ళు ప్యాకెట్ సరుకుకు ఎంఆర్‌పీ నుంచి వెనక్కి లెక్కించండి, విడి సరుకుకు తరుగు కలిపిన పడ్డ ధర మీద కట్టండి, బస్తాలకు రూపాయల్లో వేసుకోండి. బట్టలు, చీరలకు అమ్మే ధరలో శాతం ముందు నిర్ణయించుకుని, ట్యాగుకు భాగహారం చేయండి. గాజులు, ఫ్యాన్సీకి రెట్టింపు. మా స్టీలులో ఇప్పుడు మూడు వరుసలు చేశాం. గ్లాసులు, ప్లేట్లు, గరిటెల లాంటి రోజూ కదిలేవాటికి కొన్న ధర మీద 25, బిందెలు, గంగాళాలకు 40, షోకేసులో ఏడాది ఉండే ఇత్తడి దీపాలకు 80 నుంచి 100. మొత్తం అమ్మకంలో సగటున 28 శాతం మిగులుతోంది. అన్నింటికీ 39 వేసినా అదే సగటు వచ్చేది కాగితం మీద. కానీ అప్పుడు గ్లాసులు పక్క దుకాణంలో కొనేవాళ్ళు. గ్లాసు ధర అందరికీ తెలుసు, దీపం ధర ఎవరికీ నోటికి రాదు. తెలిసిన వస్తువు మీద తక్కువ, తెలియని వస్తువు మీద ఎక్కువ అన్నది పాత వ్యాపారుల పద్ధతే. తెలియదు కదా అని మరీ ఎక్కువ వేస్తే ఫోన్ చూసి తెలుసుకుంటారు, అది వేరే సంగతి.

కొత్త లాటు ధర మారి వచ్చినప్పుడు చాలామంది తికమక పడతారు. పాత గ్లాసులు రూ.40 పడ్డాయి, కొత్తవి రూ.46. పాతవాటిని పాత ధరకే ఇస్తే, అమ్మిన డబ్బుతో మళ్ళీ అన్ని గ్లాసులు కొనలేం. మేం రెండింటినీ కొత్త ధరకే కడతాం. ధర తగ్గినప్పుడు కూడా అంతే చేస్తాం, పాతవాటిలో రెండు రూపాయలు పోయినా సరే. ఎందుకంటే పక్క దుకాణంలో కొత్త ధర ఆ రోజే వచ్చేసి ఉంటుంది. బిల్లు రాగానే ట్యాగులు మార్చే పని పెట్టుకోవాలి. మా దుకాణంలో ఆ పని లాటు దిగిన రోజు రాత్రి షట్టర్ వేశాక మొదలవుతుంది. తూకం ఒకరు చూస్తారు, లెక్క ఒకరు చెప్తారు, పీసు వెనక ఒకరు రాస్తారు.